రెండో ప్లేటు పాపం

ఆ రోజుల్లో జెర్సీ సిటీ మొత్తం మీద నన్ను మించిన శాకాహారి లేడని నాకో గట్టి నమ్మకం ఉండేది. అది ఊరికే రాలేదు, చాలా కష్టపడి సంపాదించుకున్నాను. చిప్స్ పాకెట్ కొంటే వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో రాసిందంతా చదివేదాకా ఒక్క ముక్క నోట్లో వేసుకునేవాణ్ణి కాదు. పిజ్జా కొట్లో కుర్రాడిచేత గ్లవ్స్ మార్పించి, కట్టర్ కడిగించి, వెనక క్యూలో ఉన్నవాళ్లు పళ్లు నూరుతుంటే ప్రశాంతంగా నిలబడేవాణ్ణి. ఆఫీసులో ఎవరి పుట్టినరోజుకైనా కేక్ ముక్క చేతిలో పెడితే, ఎగ్‌లెస్సేనా అని అడిగి, కాదంటే పక్క సీటువాడికి దానం చేసేవాణ్ణి. నా రూమ్మేటు వరంగల్ వాడు, కోడి లేనిదే ముద్ద దిగని మనిషి. "అన్నా, నువ్వు తినుడు కన్నా చదువుడు ఎక్కువైంది" అనేవాడు. నేను వాడి వంక జాలిగా చూసేవాణ్ణి. (జాలి పడాల్సింది ఎవరి మీదో తర్వాత తేలింది లెండి.)

మేముండే అపార్ట్‌మెంట్‌కి రెండు వీధుల అవతల ఫిలిప్పీన్స్ వాళ్ల బఫే ఒకటి ఉండేది. ఓ శనివారం మధ్యాహ్నం వాన పట్టుకుంటే తలదాచుకోడానికి దూరాను. లోపలంతా వెల్లుల్లి, వెనిగర్ వాసన. పొగలు కక్కే ట్రేలు వరసగా ఉన్నాయి, వాటిలో ఉన్నవి చూసి వెనక్కి తిరిగేవాణ్ణే గానీ, చిట్టచివరి ట్రే కాళ్లకి బంధం వేసింది. వంకాయలు, బెండకాయలు, గుమ్మడికాయ ముక్కలు, అలసందకాయలు, వాటి మధ్యలో కాకరకాయ. అమెరికా వచ్చాక ఏ ఇండియన్ రెస్టారెంట్‌కి వెళ్లినా పనీరు, ఆలూ తప్ప ఇంకో మొహం చూసి ఎరగను. కాకరకాయని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణేనేమో.

కౌంటర్ దగ్గర అరవై దాటిన పొట్టావిడ ఉండేది, హోటల్ ఆవిడదే. వచ్చినవాళ్లంతా టీటా అని పిలిచేవాళ్లు. టీటా అంటే వాళ్ల భాషలో ఆంటీయేనట. ఆ సంగతి తెలియక నేను గౌరవంగా టీటా ఆంటీ అని పిలుస్తూ ఉండేవాణ్ణి. ఆ రోజు ఆవిణ్ణి కూర దగ్గరే నిలబెట్టి దర్యాప్తు చేశాను. ఇందులో మీట్ ఉందా అన్నాను. లేదంది. పోర్క్ వేసింది పక్క ట్రేలో ఉంది, ఇది బీపీ ఉన్నవాళ్ల కోసం విడిగా చేస్తాను అంది. చికెన్? లేదు. గుడ్డు? లేదు. కేసు కొట్టేసి ప్లేటు నింపుకున్నాను. ఆ రుచి ఏమని చెప్పను, కూర అంటే అదీ. అప్పట్నుంచీ ఎనిమిది నెలలు, ఒక్క శనివారం కూడా తప్పకుండా అక్కడే భోజనం. నేను తలుపు తీయగానే టీటా "తిన్నావా?" అని అడిగేది ఇంగ్లీషులో. హోటల్‌కి వచ్చినవాణ్ణి తిన్నావా అని అడగడమేమిటని మొదట్లో నవ్వొచ్చేది. అది వాళ్ల పలకరింపట, అచ్చం మనలాగే. ఇంటి దగ్గర అమ్మ తర్వాత నన్ను ఆ మాట అడిగేది ఆవిడొక్కతే.

ఆ టైములోనే నాకు అరోరా అనే ఊరి నుంచి ఓ తెలుగువాళ్ల సంబంధం వచ్చింది. అమ్మాయి మూడేళ్లప్పుడే ఇల్లినాయ్ వచ్చేసి అక్కడే పెరిగింది. రెండు నెలలుగా ఫోన్లో మాట్లాడుకుంటున్నాం. తెలుగులో మొదలుపెట్టి క్రియాపదం దగ్గరికొచ్చేసరికి ఆగి, వెతుక్కుని, దొరక్కపోతే ఇంగ్లీషుది తగిలించి ముందుకుపోయేది. ఆ ఆగడం కోసమే నేను ఫోన్ చేసేవాణ్ణి. ఇంతకీ డొంకతిరుగుడుగా చెప్పడం ఎందుకు, ఆ అమ్మాయంటే నాకు పిచ్చి ప్రేమ. వాళ్ల నాన్నగారు ఆఫీసు పని మీద న్యూయార్క్ వస్తున్నారనీ, శనివారం సాయంత్రం ఫ్లైట్‌కి ముందు నాతో లంచ్ చేస్తారనీ కబురొచ్చింది. ఆయన సరే అంటే పెళ్లి, లేదంటే లేదు. అమ్మాయి ముందే చెప్పింది: "డాడీ నిన్ను టెస్ట్ చేయడు, ఊరికే మాట్లాడతాడు. కానీ ఫుడ్ దగ్గర మాత్రం జాగ్రత్త, ప్లీజ్. మమ్మీ అయితే ఇంకా స్ట్రిక్ట్." వాళ్లమ్మగారు పాతికేళ్లుగా అమెరికాలో ఉండి కేక్ రుచి చూడని మనిషి. పొరుగింటి వాళ్లు ప్రేమగా తెచ్చిన బ్రెడ్‌ని కూడా కళ్లకద్దుకుని పక్షులకి వేస్తారట.

ఆయనే ఫోన్ చేసి, "బాబూ, దోసెలూ పనీరూ మాకు అరోరాలో కావలసినన్ని. నువ్వు రోజూ తినేచోటికే తీసుకెళ్లు" అన్నారు. ఇంకేం, ఎగిరి గంతేశాను. ఏ పెళ్లికొడుకైనా ఇడ్లీ తినిపిస్తాడు, ఫిలిప్పీన్స్ వాళ్ల హోటల్లో కాకరకాయ తినిపించేవాడు దొరకొద్దూ? రూమ్మేటు తల పట్టుకున్నాడు. "అన్నా, శనివారం ఆడ నిండు పందిని పండవెడ్తరు. పెద్దమనిషిని గాడికి తీస్కపోతవా?" అన్నాడు. వాడన్నది నిజమే. శనివారాల్లో కాల్చిన పందిని తలతో సహా బల్ల మీద పరిచేవాళ్లు, నోట్లో యాపిల్ కూడా పెట్టి. నేను ముందురోజే వెళ్లి, ఏ కుర్చీలో కూర్చుంటే ఆయన వీపు పంది వైపుంటుందో, ఏ దారిన తీసుకెళ్తే కూర ట్రే మాత్రమే కనపడుతుందో, పెళ్లివారి విడిది చూసినంత శ్రద్ధగా చూసి వచ్చాను.

శనివారం ఆయన ట్రైన్ దిగారు. నెరిసిన మీసం, నుదుట సన్నటి కుంకుమబొట్టు, భుజాన లాప్‌టాప్ బ్యాగు. శనివారం ఒంటిపూట కాబట్టి ఆకలిగా ఉన్నానని నవ్వుతూ చెప్పారు. పందిగండం గడిచింది. ట్రే ముందు నిలబడి "కాకరకాయే!" అన్నారు, చిన్ననాటి స్నేహితుడు కనపడ్డట్టు. ప్లేటు పెట్టుకుని కూర్చున్నారు. నాలుగు ముద్దలు తిన్నాక మాట్లాడటం మానేశారు. ఒక తెలుగువాడు పెళ్లిచూపుల మధ్యలో మాట మానేశాడంటే కూర సంగతి వేరే చెప్పక్కర్లేదు. ప్లేటు ఊడ్చినట్టు తినేసి, "ఇందులో ఏదో ఉందయ్యా. మా ఆవిడ ఇన్నేళ్లుగా ఇవే కూరగాయలు వండుతోంది, ఈ రుచి ఎప్పుడూ రాలేదు. ఏం వేస్తారో కనుక్కో" అన్నారు.

నేను ఛాతీ విరుచుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లాను. మా అంకుల్‌కి మీ కూర తెగ నచ్చింది, రహస్యమేమిటో చెప్పాలన్నాను. టీటా మొహం వెలిగిపోయింది. వంటింట్లోకి పరిగెత్తి ఓ గాజుసీసా తెచ్చింది. అందులో వంకాయరంగు ముద్ద ఉంది. చిన్న చిన్న రొయ్యల్ని ఉప్పులో మాగబెట్టి చేస్తారట, ఆవిడ చెల్లెలు ఊరినుంచి తనే మోసుకొస్తుందట, రెండు చెంచాలు వేయకపోతే కూరగాయలు ఉత్త కూరగాయల్లాగే ఉంటాయట. మీరు మీట్ లేదన్నారు కదా అన్నాను. "ఇది మీట్ ఏంటి నాన్నా," అంది ఆవిడ నిజంగా ఆశ్చర్యపోతూ, "ఇది ఉప్పు లాంటిది." మనకి చింతపండు ఎలాగో ఆవిడకి అది అలాగ. కూరలో చింతపండుందని ఎవరైనా పనిగట్టుకుని చెప్తారా? ఆవిడ తప్పేమీ లేదు. తప్పంతా నాదే. గోదావరి జిల్లాలో పుట్టి, పక్కింట్లో వంకాయా ఎండురొయ్యలూ ఉడుకుతుంటే మా నాయనమ్మ కిటికీలు మూసేయడం చూస్తూ పెరిగినవాణ్ణి. ఎనిమిది నెలలుగా ఆ కూరే లొట్టలేసుకుంటూ తింటున్నాను. (చిప్స్ పాకెట్లు మాత్రం చదువుతూనే ఉన్నాను.)

వెనక్కి తిరిగి చూస్తే ఆయన లేచి రెండోసారి వడ్డించుకుంటున్నారు. నాలుగడుగుల దూరం. ఒక్కమాట అంటే చాలు, చేతిలో గరిటె ఆగిపోతుంది. నోరు తెరిచాను కూడా. తెరిచిన నోటికి అరోరా అమ్మాయి గుర్తొచ్చింది, మూతపడింది. శనివారం పూట మామగారి చేత రొయ్యలు తినిపించినవాడికి పిల్లనెవరిస్తారు? ఆయన వచ్చి కూర్చుని, ఏమిటట అని అడిగారు. "గుమ్మడికాయటండీ. బాగా ముదిరింది వేస్తే ఆ రుచి వస్తుందట" అన్నాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలీదు, అంత నున్నగా వచ్చేసింది. అదీ సంగతి అని ఆయన తల ఊపి తినడం మొదలుపెట్టారు. వీసా ఎక్కడిదాకా వచ్చిందని అడిగారు, ప్రాజెక్ట్ గురించి అడిగారు. నేనేం జవాబులు చెప్పానో ఈనాటికీ గుర్తులేదు. ఆయన ఎత్తిన ప్రతి ముద్దనీ కళ్లతో నోటిదాకా సాగనంపుతూ కూర్చున్నాను. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నా ప్లేటు ముట్టుకోలేదేమని అడిగితే కడుపు నిండిందన్నాను. అదొక్కటీ నిజం.

రెండో ప్లేటు అయిపోయింది. దేవుడి దయవల్ల గండం గట్టెక్కిందనుకుంటుండగా ఆయన టీటాని పిలిచి ఓ డబ్బా అడిగారు. "మా ఆవిడకి పట్టుకెళ్తాను. రేపు ఆదివారం వేడిచేసుకుని తింటుంది, పాపం ఎక్కడికెళ్లినా ఆవిడకి తినడానికి ఏమీ ఉండదు" అన్నారు నాతో. టీటా డబ్బా తీసుకుని ట్రే దగ్గరికి వెళ్లింది. గరిటె ఎత్తి, అలాగే పట్టుకుని, నా వైపు చూసింది. ఆవిడకి అప్పటికే సంగతి అర్థమైపోయింది. నువ్వు చెప్తావా, నన్ను వడ్డించమంటావా అన్నట్టుంది ఆ చూపు. ఆయన విషయంలో నేను పిరికివాణ్ణే, ఒప్పుకుంటున్నాను. కానీ పాతికేళ్లుగా కేక్ తినని ఆ తల్లి, భర్త ప్రేమగా మోసుకొచ్చాడని ఆ డబ్బా మూత తీయడం కళ్లముందు కనపడింది. ఇంక నా వల్ల కాలేదు.

"అంకుల్, ఆ డబ్బా వద్దండి. అందులో రొయ్యలున్నాయి."

ఆయన తన ఖాళీ ప్లేటు వైపు చూసి, చాలా మెల్లగా అడిగారు. "నీకెప్పుడు తెలిసింది?"

"ఇందాక. మీరు రెండోసారి వడ్డించుకుంటున్నప్పుడు."

"మరి గుమ్మడికాయ?"

"అది నేను కల్పించానండి."

ఆయన లేచి రెస్ట్‌రూమ్‌లోకి వెళ్లారు. చాలాసేపు రాలేదు. టీటా చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ వచ్చి, అయ్యో నాకు తెలియదు, నాకు తెలియదు అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది, అల్లం టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. నాకు ఇద్దరి మొహాలూ చూసే ధైర్యం లేక యాపిల్ కొరుకుతున్న పందినే చూస్తూ కూర్చున్నాను. ఆయన మొహం కడుక్కుని వచ్చారు, బొట్టు చెరిగిపోయింది. ముందు టీటాకి చెప్పారు, మీ తప్పేం లేదమ్మా, మీ చేతివంట బాగుంది అని. ఆ అల్లం టీ తాగారు. తర్వాత నాతో అన్నారు: "మొదటి ప్లేటు తెలియక తిన్నాను, అది నా కర్మ. రెండోది మాత్రం నీ పాపం." స్టేషన్ దాకా ఆయన ముందు, నేను వెనక నడిచాం. ట్రైన్ వస్తుండగా నా భుజం మీద చెయ్యి వేసి, "ఒక మాట అడుగుతాను. నా దగ్గర నిజం చెప్పడానికి నీకు ఒక ప్లేటు పట్టింది. మా అమ్మాయి దగ్గరైతే ఎంతసేపు పడుతుంది?" అన్నారు. ఆయన ట్రైన్ ఎక్కారు. తలుపులు మూసుకున్నాయి.

నాలుగు రోజులు అరోరా నుంచి ఉలుకూ పలుకూ లేదు. నేను అన్నం మానేసి రోడ్ల మీద తిరిగాను. రూమ్మేటు పాపం ఆ నాలుగు రోజులూ నా ముందు కోడి తినలేదు. ఐదోరోజున అమ్మాయి ఫోన్ చేసింది. "డాడీ ఇంటికొచ్చి తలస్నానం చేశాడు. సండే కూడా ఏం తినలేదు. మమ్మీకి అంతా చెప్పాడు, గుమ్మడికాయ కూడా." మమ్మీ ఏమందని అడిగాను. రెండు ప్లేట్లు తినిపించాక నిజం చెప్పేవాడికి పిల్లనెలా ఇస్తామన్నారట. దానికి ఆయన, "కుర్రాడు నిజం ఆలస్యంగా చెప్తాడు. కానీ చెప్తాడు. చాలామంది ఆ పనీ చెయ్యరు" అన్నారట. ఆవిడ రెండు రోజులు ఆలోచించి సరే అన్నారట. ఇదంతా చెప్పి, "నాకు మాత్రం ఫస్ట్ ప్లేట్‌లోనే చెప్పాలి. ఓకేనా?" అంది. ఓకే అన్నాను. వెక్కివెక్కి ఏడ్చాను కూడా, ఇప్పుడు దాచడమెందుకు.

అలా ఆ ఒక్కమాట మీద నా పెళ్లి జరిగింది. ఇప్పుడు నాకు నలభై దాటాయి. ఆఫీసులో పదిమంది మీద పెత్తనం చేస్తున్నాను. క్లయింటు కాల్‌లో చెమట పట్టకుండా ఏది ఎంతవరకు చెప్పాలో, ఏది మింగేయాలో బాగా అలవడింది. ఒక్కోసారి కాల్ అయిపోయాక, గరిటె ఎత్తి పట్టుకున్న టీటా గుర్తొస్తుంది. ఇప్పటి నేనైతే ఏం చేసేవాణ్ణి? నవ్వుతూ మూడో ప్లేటు కూడా తినిపించి, అత్తగారికి డబ్బా కట్టించి, మామగార్ని ట్రైన్ ఎక్కించి చెయ్యి ఊపేవాణ్ణేమో. చొక్కా వీపుకి అతుక్కుపోతుంటే 'రొయ్యలున్నాయి' అన్న ఆ వెర్రికుర్రాణ్ణి తల్చుకుంటే నవ్వొస్తుంది, వాడి మీద కాస్త అసూయగానూ ఉంటుంది. ఆ అమ్మాయి ఇష్టపడి చేసుకున్నది వాణ్ణి, కాపురం చేస్తున్నది నాతో. ఈ సంగతి ఆవిడకి ఇంకా చెప్పలేదు. చెప్తాను.