భులు నిద్రపోకపోవడానికి కారణం

సంత్రాగాఛి లోకల్ రైల్లో ఈ మధ్య నిలబడే నిద్రపోతున్నాను. కారణం భులు. ఎదురు క్వార్టర్స్‌లో ఉండే బెంగాలీ పిన్నిగారు, మా అందరికీ మాషీమా, మాకిచ్చిన కుక్కపిల్ల. చిన్నప్పుడు మా అమ్మ నన్ను పడుకోబెట్టినట్టే, దాన్ని ఒళ్లో వేసుకుని వీపు తడుతూ "ఆయి ఆయి" అని జోకొడతాను. కళ్లు మూతపడుతుండగా అది దిగ్గున లేచి నా ముఖం నాకేస్తుంది. నేను తిడతాను. మళ్లీ మొదటికొస్తాం.

ఈ రోజు సెలవు కదా అని మధ్యాహ్నమే జోకొట్టడం మొదలుపెట్టాను. భులుని చూడటానికొచ్చిన మాషీమా నా తంటాలు కాసేపు చూసి, "ఘుమోచ్ఛే, ఆబార్ డాక్‌ఛో కేనో?" అన్నారు. నిద్రపోతున్నదాన్ని మళ్లీ ఎందుకు పిలుస్తున్నావని.

అప్పుడు వెలిగింది. బెంగాలీలో "ఆయ్" అంటే "రా". వాళ్ల మెట్ల కింద పుట్టిన భులుకి ఆవిడ రోజూ "ఆయ్ ఆయ్" అని పిలిచే అన్నం పెట్టేవారట. ఇక్కడే పుట్టి పెరిగి, చేపల బజారులో బెంగాలీలోనే బేరాలాడే నాకు ఈ ముక్క తట్టనే లేదు.

వంటింట్లోంచి అమ్మ అంది, "ఏటే, రా రా అని నువ్వే పిల్చి, వచ్చినందుకు దాన్ని తిట్టినావా?"

మీరు కుక్కపిల్లల్ని ఏమని జోకొడతారో కాస్త చెప్పండి, ఈ రాత్రికే కావాలి. మా ఇంట్లో నా మాట వినే ప్రాణి అదొక్కటే. ఇన్నాళ్లూ దాన్నే మాట వినదని తిట్టాను.