జీను కింద పట్టు

మా అత్తగారింట్లో మగపిల్లాడు గుర్రమెక్కితే జీను కింద ధర్మవరం పట్టు పరచాలి. పట్టుచీరల వ్యాపారం చేసే ఇల్లు. బిడ్డ మన పట్టు మీదే కూర్చున్నాడని పెనుకొండ బజారంతా చూడాలి. మా ఏడేళ్లవాడి ఒడుగు ఊరేగింపుకు హిందూపురం నుంచి తెల్ల గుర్రాన్ని అద్దెకు తెచ్చాం. అది వాకిట్లోకి వచ్చేసరికే అత్త జరీ అంచు పట్టుతో సిద్ధంగా ఉంది.

గుర్రం మనిషి మందపాటి కంబళి తీసేసి, ఆ నున్నటి వీపు మీద పట్టు పరిచి, పైన జీను పెట్టాడు. కాలేజీలో ఎన్‌సీసీ గుర్రాల జట్టులో జీను కట్టడం నేర్చుకున్నాను. కింది గుడ్డ జారకూడదు. ముడత పడితే గుర్రం వీపు ఒరుసుకుపోతుంది. పైగా పొట్ట కింది పట్టీ బిగించేటప్పుడు గుర్రం ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బిస్తుంది. కాస్త నడిపించి మళ్లీ బిగించాలి.

"అత్తా, పట్టు జారుతుంది. కంబళి ఉండనీ."

"మీ మామ ఒడుగప్పుడూ ఇదే పరిచినారు. పడినాడా ఆయప్ప?"

"నేనెక్కిన గుర్రానికి నడిచే ఓపికే లేదు, ఇంక పడేదేడ?" అన్నాడు మామ అరుగు మీంచి.

అందరూ నవ్వారు. బ్యాండు మొదలైంది. మేనమామే ఎక్కించాలి కాబట్టి మా అన్న పిల్లాణ్ణి అప్పటికే ఎత్తుకున్నాడు. నేను పట్టీ కింద వేళ్లు దూర్చి చూశాను. బిగువుగానే ఉంది. కానీ గుర్రం పొట్ట డోలులా ఉంది.

"పిల్లోడు బరువైతాండాడు మ్మే. ఎక్కించేదా, లేకుంటే నువ్వే ఎక్కి కూచుంటావా?" అన్నాడు అన్న.

"ముందు ఊరికే ఒకసారి నడిపించండి."

"ఉత్త గుర్రం గడప ముందర నుంచి పోకూడదు," అంది అత్త. "ముహూర్తం పోతాండాది, పక్కకు జరుగు."

నేను జరగలేదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది: "అయితే బియ్యం మూట ఎక్కించండి. ఉత్తది కాదు కదా."

అత్త ముఖం ఎర్రబడింది. మామ మాత్రం తలూపాడు. వంటకు తెచ్చిన బియ్యం మూటను జీనుకు తాడుతో కట్టారు. గుర్రం ఊపిరి వదిలి నడిచింది. వీధి మలుపులో డప్పు గట్టిగా మోగగానే పక్కకు గెంతింది. జీను మెల్లగా తిరగడం మొదలుపెట్టి, ఒక్కసారిగా పొట్ట కిందికి వచ్చేసింది. మూట రాళ్ల మీద పడి పగిలింది.

బ్యాండు ఆగిపోయింది. అన్న పిల్లాణ్ణి ఇంకా గట్టిగా హత్తుకున్నాడు. అత్త రాళ్ల మీద చెదిరిన బియ్యం చూసింది.

"కంబళి యాడ పెట్టినావప్పా?" అని గుర్రం మనిషిని అడిగింది.

కంబళి వేసి, ముడతలు సరిచేసి, జీను మళ్లీ కట్టారు. పట్టును మడిచి జీను పైన వేశారు. అన్న పిల్లాణ్ణి ఎక్కించాడు. కాళ్లు పెట్టుకునే రికాబులు వాడికి అందేలా పొట్టి చేయించి, వాడి కాలు పట్టుకుని ఒక పక్కన నేను నడిచాను. రెండో పక్కన అత్త.

మలుపు దగ్గరికి రాగానే, నేను నోరు తెరవకముందే ఆమె చెయ్యెత్తింది.

"ఆపప్పా. ఇంకొకసారి బిగించు."

పట్టీ ఇంకో రంధ్రం పైకి వచ్చింది.