ఇరవై రెండు పక్కన అక్షరాలు

మా అన్న కుడికన్ను పోయింది దసరా రోజున, శాలిబండలో మా బర్రెల కొట్టం ముందే. ఆయుధపూజ అయ్యాక తాతనాటి రైఫిల్‌తో ఆకాశంలోకి ఒక్క తూటా పేల్చడం మా ఇంటి ఆచారం. ఏళ్ల తరబడి బాపే పేల్చేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక లైసెన్సులో అన్న పేరు కూడా ఎక్కించి, తుపాకి అతని చేతికిచ్చాడు. తాత దాచిన తూటాలు అంతకుముందు ఏడాదే అయిపోయాయి. గొట్టం మీద ‘22’ అని కనబడుతోంది కదా అని అన్న ఆ బోరు, అంటే ఆ కొలత తూటాలే కొన్నాడు. ట్రిగ్గర్ నొక్కగానే మంట, తూటా వెనక మూసే బోల్టు సందులోంచి వెనక్కి కొట్టింది.

అన్నను కంటి ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన రోజే బాపు తీర్పు చెప్పేశాడు. “ఇన్నేండ్లు నా చేతిల మంచిగ పేలింది. బోల్టు సక్కగ బిగించలే నువ్వు. గంతే.” ఆ మాట ఒక్కసారితో ఆగితే బాగుండేది. పాలు పితికేటప్పుడు, చుట్టాలొచ్చినప్పుడు, చివరికి అన్న ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు కూడా అదే పాట. బాపు మీద నాకున్న గౌరవం ఆ ఏడాదిలోనే చాలావరకు పోయింది, దాచడమెందుకు? అన్న మాత్రం ఎదురు చెప్పేవాడు కాదు. నిజంగా బోల్టు బిగించానా లేదా అని అతనికే అనుమానం పట్టుకుంది.

మళ్లీ దసరా దగ్గర పడుతుంటే బాపు, “రైఫిల్ బాగు చేపిచ్చుకరాండ్రి. ఈసారి నేనే పేలుస్త” అన్నాడు. అన్న నన్ను వెంటబెట్టుకుని మొఘల్‌పురాలో తుపాకులు బాగుచేసే పెద్దాయన దగ్గరికి బయల్దేరాడు. దారి పొడుగునా ఆటోలో ఒక్క మాటే అన్నాడు. “తప్పు నా చేతిదా, దానిదా, నాకు తెల్వాలె తమ్మీ.”

పెద్దాయన ముందు గొట్టం మూతి కొలిచాడు. “బాయీస్, ఇరవై రెండు బోరే. బరాబర్ ఉన్నది.” అయితే తప్పు నా చేతిదేనా అన్నట్టు అన్న నా వైపు చూశాడు.

“ఠైరో భాయ్, జర ఆగు” అంటూ ఆయన గొట్టంలో గుడ్డ కుక్కి, గంధకం కరిగించి, తూటా కూర్చునే చోట పోశాడు. ఆరాక సన్నకడ్డీతో తోస్తే పసుపుపచ్చటి అచ్చు బయటికొచ్చింది. దాని పక్కన అన్న కొన్న తూటా పెట్టి చూపించాడు. పెద్దవాళ్ల చెప్పులో చిన్నపిల్ల కాలు పెట్టినట్టుంది.

“గొట్టం బాయీసే గానీ గోలీ కూసునే జాగ పెద్దగున్నది. దీని గోలీ వేరే ఉంటది, జర లావుది. మీది పెడితే గోలీ పక్కలు పగిలి మంట వెనక్కి గొడ్తది. బోల్ట్ ఎంత బిగిస్తే ఏం ఫాయిదా?”

అన్న అక్కడే గోడకానుకుని కూలబడి, ఉన్న ఒక్క కంటితో ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

“ఏ గోలీదో రాసుండాలె గద” అని పెద్దాయన కిరసనాయిలు గుడ్డతో గొట్టం రుద్దసాగాడు. ‘22’ పక్కన ఏళ్లనాటి గంధం, కుంకుమ నూనెతో కలిసి గట్టిపడి ఉన్నాయి. ఏటా పూజలో అమ్మ అక్కడే బొట్టు పెట్టేది. పాతది తుడవనిచ్చేది కాదు. పెట్టిన బొట్టు తుడిస్తే ఇంటాయనకు కీడని ఆమె భయం. ఏడాది మీద ఏడాది బొట్టు మీదే బొట్టు. ఆ పెచ్చులు రాలిపోయాక మూడు ఇంగ్లీషు అక్షరాలు తేలాయి. ఆ తూటా రకం పేరు అదేనని, ఇప్పుడది దొరకడం కష్టమని పెద్దాయన చెప్పాడు.

అన్న ఇంగ్లీషు చదువుకున్నవాడే. ఆ అక్షరాలు కనబడి ఉంటే తూటాలు కొన్నప్పుడే చూపించి అడిగేవాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఇంటికొచ్చేసరికి అమ్మ గడప దగ్గరే ఉంది. రైఫిల్ చూడగానే గొట్టం మీద చెయ్యి పెట్టి చూసింది. “అయ్యో, బొట్టెవరు తుడిచిన్రురా? దాని కింద గదేం రాసున్నది?”

నేను నోరు తెరవబోయాను. అన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “కంపెనీ పేరమ్మా. ఇంకేం లేదు.”

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ అన్న ఎందుకట్లా అన్నాడో అర్థమైంది. నిజం చెబితే, ఇన్నేళ్లూ ఆ అక్షరాలు ఎందుకు కనబడలేదని బాపు అడుగుతాడు. ఆ తర్వాత పాలు పితికేటప్పుడు, ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు ఆ మాటలు పడాల్సింది అమ్మ.

“దుకాణపాయన ఇగ పేల్చొద్దన్నడు బాపూ” అన్నాడు అన్న. “శానా పాతబడ్డదట.”

బాపు మంచం మీంచే వెటకారంగా నవ్వాడు. “పాతబడుడేందిరా? తుపాకిల తప్పేం లేదు. నీ చెయ్యే సక్కగ లేకుండె.”

“ఔ బాపూ” అన్నాడు అన్న. “నా చెయ్యే.”