తడిక కోయించిన నర్సమ్మగారు

ఆయాసం జబ్బువాళ్ళకి జాగ్రత్తలు నేర్పడానికి అమలాపురం నుంచి ఒక నర్సమ్మగారు నెలనెలా మా ఇంటికి వచ్చేవారు. ముందు తానే మూతి సున్నాలా చుట్టి ఊదేవారు. "ఇలా నెమ్మదిగా వదలండి పిన్నిగారూ. పొగలోకి మాత్రం వెళ్ళకండి."

నాకు ఒళ్ళు మండేది. పాకలో కొబ్బరి పీచు డొక్కలు కాల్చి, ఆ సెగ మీద కొబ్బరి ఎండబెట్టడమే నా కూలి పని. "పొగ మానేస్తే తిండి మీరు పెడతారా?" అంటే, "ఆయ్, అలాగంటే ఎలాగండీ!" అని నవ్వి మళ్ళీ ఊదేవారు.

రెండేళ్ళు ఊదాను. ఆయాసం తగ్గలేదు.

ఒకరోజు నన్ను వెతుక్కుంటూ పాకలోకే వచ్చి, దగ్గు ఆపుకోలేక బయటికి పరిగెత్తారు. గాలికి మంట లేస్తుందని మేం చుట్టూ తడికలు కట్టేవాళ్ళం. ఆవిడ చూరు కింద తడికని జానెడు కోయించారు. పొగ పైకి పోయింది. ఆ వానాకాలం నేను కూర్చుని కాక, పడుకుని నిద్రపోయాను.

మంచావిడే. కానీ నాచేత రెండేళ్ళు ఊదించేముందు ఒక్కసారి ఆ పాకలోకి తొంగిచూడాల్సింది.