గొర్రెల రేవు ఇంటిపేరు

టాటానగర్ గోల్‌మురిలో మా క్వార్టరు వెనక సందులో ఒక రిటైరైన రైలు డ్రైవరు ఉండేవాడు. ఆంగ్లో ఇండియన్. భార్య పోయింది, పిల్లలు లేరు. వాల్తేరు వైపు బళ్ళు నడిపిన రోజుల్లో ఇంజన్లో బొగ్గు వేసే మన ఫైర్‌మన్ల దగ్గర తెలుగు పట్టుకున్నాడు. ఆయన ఇంటిపేరు టాటానగర్ రైల్వే కాలనీలో ఇంకెవరికీ లేదు.

అది పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిదో, తొమ్మిదో. ఆయన చూపు బాగా తగ్గిపోయింది. ఒక ఆదివారం నన్ను పిలిచాడు.

"లైబ్రరీ పంతులూ, అన్నీ సదువుతావు గదా. నా పేరు ఎక్కడిదో సూడు. నాతోనే ఆకరా, ఇంకెవరైనా ఉన్నారా?"

నేను పంతుల్ని కాను, సెలవు రోజుల్లో లైబ్రరీలో కూర్చునేవాణ్ణి; ఎనిమిదో క్లాసుతో బడి మానినవాణ్ణి. నా ఇంగ్లీషు డిక్షనరీ పక్కన పెట్టుకుని నేర్చుకున్నది. అలాంటి నన్ను ఒకరు అడగడం గొప్పగా అనిపించింది. మూడు ఆదివారాలు లైబ్రరీలో కూర్చున్నాక ఇంగ్లీషు ఇంటిపేర్ల మీద ఒక లావుపాటి పుస్తకం దొరికింది. ఆ పేరు ఉత్తర ఇంగ్లండులో ఒక పల్లెది. గొర్రెలు ఏరు దాటే రేవు అని అర్థమట. రెండు మూడు పల్లెలు దాటి పెద్దగా పాకలేదు. కొన్ని ఇళ్ళలో ఆడపిల్లలే మిగిలి ఆగిపోయింది, కొందరు ఓడలెక్కారు. నాకిది వింత కాదు. మా ఇంటిపేరూ శ్రీకాకుళం దగ్గర ఒక ఊరి పేరే.

అక్కడే తప్పు చేశాను. ఒకే ఊరి నుంచి వచ్చిన ఒకే ఇంటిపేరు వాళ్ళంటే మాలో జ్ఞాతులు. పిల్లనివ్వరు, చావు మైల పడతారు. దొరలకీ అంతే అనుకున్నాను. కలకత్తా టెలిఫోన్ డైరెక్టరీ తిరగేస్తే ఆ పేరు ఒక్కచోట కనిపించింది.

"డ్రైవర్ సాబ్, మీ జ్ఞాతి దొరికాడు!" అన్నాను, గుమ్మంలోంచే.

ఆయన చెబుతుంటే ఉత్తరం రాశాను. ఆ మర్నాటి నుంచి పోస్ట్‌మాన్ వచ్చే వేళకి గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని వాకిట్లో కూర్చునేవాడు.

"మన సుట్టాలు సాల్లేదని దొరల సుట్టరికాలు కలుపుతన్నావేటి?" అంది మా ఆవిడ. "రేపు ఆళ్ళు కాదంటే ఆ ముసలాయనకి ఏటి సెప్తావు?"

నవ్వేశాను.

మూడు వారాలకి జవాబు వచ్చింది. విప్పకుండానే నా చేతికిచ్చాడు. కలకత్తా పెద్దమనిషి మర్యాదగానే రాశాడు. తన తాత అనాథ. పెంచిన పాదిరీ తన ఇంటిపేరే అతనికి పెట్టాడు. మీకూ మాకూ రక్తసంబంధం లేదు, క్షమించండి. తనకి ఇద్దరు కొడుకులు, బడికి వెళ్తున్నారు.

మొదటి వాక్యం పైకి చదివి ఆగాను. వేరేగా చదివినా ఆయనకి తెలీదు.

"ఆపేసినావేటి?"

ఉన్నదున్నట్టు చదివాను. ఆయన ఉతికిన చొక్కా పై బొత్తాం విప్పుకున్నాడు. నా తలలో ఉన్న పుస్తకాలన్నిటి మీదా నాకు సిగ్గేసింది.

"ఇద్దరూ మగపిల్లలేనా?" అన్నాడు.

"అవును, డ్రైవర్ సాబ్."

"అయితే కాయితం తియ్యి. రాయి. మా నాన్న నాకిచ్చిన పేరు నేనెవలికీ ఇవ్వలేకపోయాను. నువ్వు మీ వోళ్ళకి ఇచ్చావు. రక్తం మాట వొగ్గెయ్. పిల్లల్ని పేరు మార్చుకోనివ్వకు."

రాశాను. సంతకం మాత్రం తనే చేస్తానన్నాడు. వేలితో కాగితం అంచు తడుముకుని నిదానంగా రాశాడు. గీత దాటి కిందికి జారింది.

"అన్ని అచ్చరాలూ పడ్డాయా?"

ఒక్కొక్కటీ లెక్కపెట్టి, పడ్డాయన్నాను.