ఆఖరి రీలు

బీడీలకు వాడే తునికాకు తెంపే రోజుల్లో తండా మంగ్లి తెల్లవారకముందే లేచి, అడవి అంచున ఉన్న రాయికి పసుపు పెట్టి మొక్కితేగాని లోపలికి అడుగుపెట్టేది కాదు. నిరుడు డేరా టాకీసులో, అడవిలో కత్తితో మనుషుల్ని నరికేవాడి సినిమా చూసింది. చివర్లో వాడు చచ్చాడు గనుక నిశ్చింతగా ఆకు తెంపుకుంది. ఈ ఏడు రెండో భాగం వచ్చింది. చచ్చినవాడు మళ్ళీ లేచాడట. మంగ్లి పోలేదు గాని, చూసొచ్చినవాళ్లను అడగకుండా వదల్లేదు.

"మొదటిదే నయం. దీంట్ల నెత్తురెక్కువ, భయం తక్కువ," అన్నాడు పక్కింటి లచ్చయ్య.

"నాకైతే ఇదే భయమైంది," అంది అతని భార్య కొండమ్మ.

"ఇంతకీ వాడు సచ్చిండా?" అని అడిగింది మంగ్లి.

"ఏమో. ఆఖరి రీలు తెగింది. అందరం లేచొచ్చినం," అంది కొండమ్మ.

"వాడు నీ ఆకు కోసం వస్తడా ఏంది?" అని లచ్చయ్య నవ్వాడు. మంగ్లి కూడా నవ్వింది. కానీ మర్నాడు పొద కదిలినప్పుడల్లా వెనక్కి చూసి, రోజూ కట్టే కట్టల్లో సగమే కట్టగలిగింది. ఆకు దొరికేది ఇంకో పది రోజులే. సాయంత్రం తోటి కూలీ గంగక్క ఇంటికి పోయి గడప దగ్గర కూర్చుంది.

"అక్కా, రేపటిసంది నా పక్కపొంటే తెంపుతవా? మంచి ఆకు నువ్వే తీసుకో. మాట్లాడుడు మాత్రం ఆపకు."