లింకుల పక్కన అత్తగారి బొమ్మలు

మా అత్తగారు పోయారని మావారు ఫోన్ చేసి చెప్పారు. ఆయన ఆవిడకు తోడుగా విశాఖపట్నం ఆసుపత్రిలో ఉన్నారు. ఆవిడకు మార్చడానికి చీరలు తీసుకెళ్దామని నేను ముందురోజే నర్సీపట్నం వచ్చాను. "అమ్మ ఎల్లిపోయింది" అన్నారాయన. ఫోన్‌లో అక్కడి వాన చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఇక్కడ మా పెరట్లో మాత్రం పల్చటి ఎండ కాస్తోంది. మడతపెట్టిన చీరలు ఒళ్ళో పెట్టుకుని, ఎక్కడో కురుస్తున్న ఆ వాన వింటూ కూర్చున్నాను.

మన ఊరివాళ్ళు, మీలో చాలామందికి ఆవిడ తెలుగు టీచర్‌గా తెలుసు. క్లాసులో ఆవిడ మాట పుస్తకం చదివినట్టు ఉండేదని మీరు చెబుతుంటారు. ఇంట్లో మాత్రం మనందరిలాగే "ఏటి", "బేగి రా" అనేవారు. రిటైరయ్యాక కూడా పొద్దున్న పేపరు, మధ్యాహ్నం కథలు, దీపాలు పెట్టే వేళకి పద్యాలు. అన్నం తింటున్నప్పుడు కూడా ఎడమచేతి కింద ఏదో ఒక పుస్తకం తెరిచి ఉండాల్సిందే.

ఒకనాటి పొద్దున్న పేపరు పట్టుకుని, "అమ్మాయ్, ఈవేళ పేపరు ఏ బాసలో ఏసేరే?" అని అడిగారు. హాస్యమాడుతున్నారనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. పేపరు తిప్పి చూశారు.

"అచ్చరాలు కనబడతన్నాయి. నాతో మాటాడ్డం లేదు" అన్నారు.

మెదడు వెనకవైపు చిన్న రక్తనాళం మూసుకుపోయిందని డాక్టరు గారు చెప్పారు. చూపు బాగానే ఉంది. మాట బాగానే ఉంది. మనుషుల్ని గుర్తుపడతారు, బొమ్మల్ని గుర్తుపడతారు. అక్షరాన్ని అక్షరంగా పోల్చుకోవడం ఒక్కటే పోయింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. ఇంటికొచ్చాక ఆవిడ పుస్తకాల బీరువా మీద పాత దుప్పటి వేశారు, నిద్రపోతున్నవాళ్ళకి కప్పినంత మెల్లగా. ఆ తర్వాత రోజులన్నీ వరండాలో కుర్చీ, ఎదురుగా రోడ్డు. పలకరిస్తే పలికేవారు. అంతే.

నేను ఇంట్లో కూర్చుని చిన్న చిన్న వెబ్‌సైట్లు చేస్తుంటాను. బట్టల కొట్లకీ కాలేజీలకీ చేసిచ్చేవి, పెద్ద హంగుల్లేని పేజీలు. మళ్ళీ మనం మార్చేదాకా గోడకి కొట్టిన బోర్డులా ఉన్నది ఉన్నట్టుంటాయి. అలాంటిదే ఒకటి ఆవిడ కోసం కట్టాను. కథలూ పద్యాలూ మావారూ నేనూ చదివి, రికార్డు చేసి అందులో పెట్టాం. ఆవిడ పాత విద్యార్థులు కొందరు అడగ్గానే చదివి పంపారు. ఆవిడ ఫోన్‌లో తెరిస్తే చాలు, వినొచ్చు.

మొదటి రోజే ఒక విద్యార్థి గొంతు విని, "శ పలకదేటి ఈడికి! ఎన్నిసార్లు సెప్పేనో" అని విసుక్కున్నారు. ఆ విసుగు విని మావారు వంటింట్లోకి వచ్చి, కళ్ళు తుడుచుకుని వెళ్ళారు.

కానీ చిక్కు ఒకటుంది. పేజీ పైన వరసగా లింకులు: మొదటి పేజీ, కథలు, పద్యాలు, పాటలు, వార్తలు, ఇంట్లోవాళ్ళు. ఏది ఏదో ఆవిడకు తెలియదు. ప్రతిసారీ నన్ను పిలవాలి. పిలవడం ఆవిడకు ఇష్టం లేదు. నేను ఒక్కో మాట పక్కన రెడీమేడ్ బొమ్మలు, అందరూ వాడే ఐకాన్లు, తెచ్చి పెట్టాను. గర్వంగా ఫోన్ చేతికిచ్చాను.

ఇంటి బొమ్మ చూసి, "ఇది ఇటికెల బట్టీయా?" అన్నారు.

"ఇల్లండీ అత్తయ్యా."

"పొగ్గొట్టం ఉన్న ఇల్లు మనూళ్ళో ఎక్కడ సూసేవే?"

మనుషుల బొమ్మ అసలే నచ్చలేదు. గుండ్రటి తల, దానికింద తెగినట్టున్న భుజాలు. "మెడకాయ ఏదీ? అశుభంగా, ఇదేటి? తీసీ" అన్నారు. ఫోన్ పక్కన పెట్టి, "ఓ పెన్సిల్ ఇలాగియ్యి" అన్నారు.

ఆ మధ్యాహ్నాలు ఇప్పుడు తలుచుకుంటే నిజంగా జరిగాయా అనిపిస్తుంది. పనులన్నీ అయ్యాక వరండాలో ఇద్దరం. రోడ్డు మీద ఆటోల చప్పుడు కూడా నిద్రమత్తులో ఉన్నట్టుండేది. ఆవిడ ఒక బొమ్మ మొదలుపెట్టేవారు, మధ్యలో చెయ్యి ఆగిపోయేది, ఎక్కడికో వెళ్ళిపోయేవారు. వెళ్ళినచోటు నుంచే నాతో మాట్లాడేవారు.

కథల కోసం బస్సు కిటికీ గీశారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో రోలుగుంట బడికి బస్సులో వెళ్ళేవారట. సీట్లో కూర్చుంటే కథల పుస్తకం తెరవడమే. "నేను సదువుతుంటే కథలో మనుషులు బయట సెరుకు తోటల్లో నడుసుకుంటూ వచ్చేసేవోరే. బస్సుతో సమానంగా. ఓసారి ఓ పిల్ల అలాగే నడుస్తుంటే, ఎక్కడికెల్తాదో సూద్దామని దిగడం మర్సిపోయేను." ఆఖరి స్టాపులో కండక్టరు లేపాడట. తిరుగు బస్సులో బడికి చేరేసరికి హెడ్మాస్టరు గారు గుమ్మంలో నిలబడి ఉన్నారట. "ఆయనకి మీరేటి చెప్పారు?" అని నేనడిగితే, "నిజమే సెప్పేను. నమ్మలేదు" అన్నారు తీరిగ్గా.

పద్యాలకి అడకత్తెర. వాళ్ళ నాన్నగారు వక్కలు కత్తిరిస్తూ పద్యం చెప్పేవారట, వక్క తెగిన చోట పాదం విరిగేదట. పాటలకి ఉయ్యాల గొలుసు. వార్తలకి టీ గ్లాసు. ఇంట్లోవాళ్ళకి గుమ్మం ముందు విడిచిన చెప్పులు. మొదటి పేజీకి మా వీధి తలుపు గొళ్ళెం.

నేను వాటిని ఫోటో తీసి, కంప్యూటర్లో గీతల వెంట మళ్ళీ గీసి, లింకుల పక్కన పెట్టాను. అంత చిన్నవి చేసేసరికి అడకత్తెర మరకలా అయిపోయింది. చెప్పులు రెండు చింతగింజల్లా కనిపించాయి. ఆవిడ నా ఫోన్ దూరంగా పెట్టి చూసి, కాగితం మళ్ళీ తీసుకుని, ఈసారి గీతలు సగానికి సగం తగ్గించి, లావుగా గీశారు. "సిన్న బొమ్మకి సిన్న మాటే సెప్పాల. ఒకటో తరగతి పిల్లలకి సెప్పినట్టు" అన్నారు. ఇప్పటికీ ఏ పేజీ చేస్తున్నా ఆ మాట నా పక్కన కూర్చుంటుంది.

బొమ్మలు కుదిరాయి. ఇక నన్ను పిలవడం మానేశారు. అడకత్తెర మీద వేలు పెడితే పద్యం, గొలుసు మీద పెడితే పాట. నేను ఇంకో అడుగు ముందుకు వేశాను. ఎలాగూ ఆవిడకు అక్కరలేదు కదా అని బొమ్మల పక్కన మాటలన్నీ తీసేశాను. ఫోన్‌లో చోటు కలిసొచ్చింది, బొమ్మలు పెద్దవయ్యాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

ఆవిడ తెరిచి చాలాసేపు అలాగే చూశారు.

"ఇక్కడ బొమ్మ పక్కన ఏదో ఉండీది. ఏదీ?"

"పేర్లండీ. మీకు అడ్డమని తీసేశాను."

ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు: "నాతో మాటాడ్డం లేదని ఆటిని బయటికి పంపించేస్తావేటి? పెట్టీ అమ్మా. ఆటి మొకాలు సూసుకుంటాను, సాలు."

అక్కడికక్కడే పెట్టాను. ఆవిడ కథలు అన్న మాట మీద వేలితో నిమిరారు, నొక్కలేదు. ఆ సాయంత్రం బీరువా మీద దుప్పటి తీసి, దులిపి, మడత పెట్టారు. పుస్తకాలు ఒక్కొక్కటీ తీసి దుమ్ము తుడిచి, ఏ పుస్తకమో అట్ట రంగును బట్టి పోల్చుకుంటూ మళ్ళీ పేర్చారు. నేను కుర్చీ వేసి పక్కన కూర్చున్నాను. సాయం చెయ్యనివ్వలేదు.

మొన్న వానల్లో రెండోసారి ఒంట్లో బాగాలేకపోయింది. కారులో విశాఖపట్నం ఆసుపత్రికి బయల్దేరాం. మావారు ముందు సీట్లో, ఆవిడ వెనక కిటికీ దగ్గర, నేను పక్కన. మాకవరపాలెం దాటాక వాన జోరందుకుంది. కిటికీ అద్దం లోపలివైపు ఆవిరి పట్టి తెల్లగా అయింది. ఆవిడ కాసేపు దాన్ని చూసి, చూపుడువేలుతో రాయడం మొదలుపెట్టారు. చదవలేనివాళ్ళకు కూడా ఒక్కోసారి రాయడం మిగిలి ఉంటుందని డాక్టరు గారు ఎప్పుడో అన్నారు గానీ, అంతవరకూ ఆవిడ ఒక్క అక్షరం ముట్టలేదు. ఇప్పుడు చెయ్యి ఎక్కడా ఆగలేదు. తలకట్లు, దీర్ఘం, ఒత్తు, అన్నీ గుండ్రంగా, బోర్డు మీద రాసినట్టే వచ్చాయి.

"ఏటి రాసేను?" అని అడిగారు.

"నా పేరండీ."

"తప్పుల్లేవు కదా?"

"లేవండీ అత్తయ్యా."

సరేనన్నట్టు తలూపి, సీటుకి వెనక్కి వాలారు. అద్దం అంతా తెల్లగా ఉంది, రాసినంత మేరే తేటగా ఉంది. ఆ సందుల్లోంచి చెరుకు తోటలు పచ్చగా, తడిగా వెనక్కి పోతున్నాయి.